అర్పణ బల్ల మీద బీపీ పెట్టె

ముందుగా ఒక మన్నింపు. నేను అక్షరాలు దిద్దింది అరవై దాటిన తరవాత. ఇప్పటికీ ఒత్తులు ఒక్కోసారి పక్క అక్షరం కిందికి జారిపోతాయి. ఒక పేజీ రాయడానికి నాకు ఒక పూట పడుతుంది. తప్పులుంటే మీరే దిద్దుకుని చదువుకోండి. నాకు పలక పట్టించిన పిల్ల వినీల గురించే ఈ కథ. అందుకని ఇంకొకరి చేత రాయించడం నాకు ఇష్టం లేకపోయింది.

పామర్రు నుంచి చల్లపల్లి వెళ్ళే రోడ్డు మీద బస్సు దిగి, కాలవ గట్టున కొంచెం నడిస్తే మా ఊరు. ఆ ఆదివారం మా చర్చిలో కోత పండగ. పొద్దున్నే లేచి వినీల వేసుకున్న పథకం చాలా సులువైనది. ఆరాధన అయ్యాక చర్చి వరండాలో కుర్చీ వేసుకుని ఊళ్ళో పెద్దవాళ్ళందరికీ బీపీ చూస్తుంది. పన్నెండింటికి పామర్రు నుంచి డాక్టరు రమాసుందరిగారు వస్తారు, ఆ పని చూస్తారు, చూశాక వినీల తండ్రితో ఒక మాట మాట్లాడతారు. అంతే పథకం.

వినీల బతుకంతా ఆ ఒక్క మాట మీద ఉంది. డాక్టరు చదువుకు రాసే నీట్ పరీక్ష ఆ పిల్ల రెండుసార్లు రాసింది. రెండుసార్లూ సీటు చేతికి అందినట్టే అంది జారిపోయింది. మూడోసారి రాస్తానంటుంది. తండ్రి యేసుకుమార్ నీళ్ళ మోటార్లు బాగుచేసే మనిషి. రెండుసార్లు వైండింగు చేసినా తిరగని మోటారును పక్కన పెట్టెయ్యాలన్నది ఆయన సిద్ధాంతం. గన్నవరంలో ఎయిర్‌పోర్టు దగ్గర, తన చిన్నాన్న కొడుకు నడిపే ట్రావెల్స్ ఆఫీసులో కూతురికి ఉద్యోగం మాట్లాడేశాడు. సోమవారం చేరాలి. అంటే మర్నాడే.

"ఏసీ ఆఫీసు. కూర్చునే పని. ఇంకేం కావాలమ్మా నీకు?" అన్నాడాయన పొద్దున టీ తాగుతూ.

"డాడీ, డాక్టరుగారు ఒక్క మాట చెప్తారు. అది విను చాలు."

"ఆవిడ చెప్తే ఎందుకు విననే? నన్ను బతికించిన మనిషి. కానీ ఆవిడే వద్దంటే?"

"వద్దంటే రేపు పొద్దున్నే గన్నవరం బస్సెక్కుతా."

"మాట తప్పకూడదు మరి," అన్నాడు యేసుకుమార్. వంటింట్లోంచి తల్లి కృప ఇద్దరినీ చూసింది. మనసులో ప్రార్థన మొదలుపెట్టింది.

రమాసుందరిగారు ప్రభుత్వాసుపత్రిలో పనిచేసి రిటైరయ్యారు. పామర్రులో ఇంటి ముందుగదిలోనే రోగుల్ని చూస్తారు. వినీల ఏడాదిగా సాయంత్రాలు ఆవిడ దగ్గరికి వెళ్ళి పట్టీ కట్టడం, నాడి చూడడం నేర్చుకుంటోంది. ముందురోజు ఆవిడ తన పాదరసం బీపీ మిషను ఆ పిల్ల చేతిలో పెట్టారు. బూడిదరంగు ఇనప పెట్టె. "నా మొదటి జీతంతో కొనుక్కున్నానమ్మా. బయటికి పంపడం ఇదే మొదలు. మనుషుల మధ్య నువ్వెలా ఉంటావో చూశాకే మీ నాన్నతో మాట్లాడతాను. చూడకుండా చెప్పడం నాకు చేతకాదు," అన్నారు.

వినీల ఆ పెట్టెను ఒళ్ళో పసిపిల్లలా పట్టుకుని అందరికంటే ముందు చర్చికి వెళ్ళింది. లోపల ఎక్కడ పెట్టాలో తోచలేదు. బెంచీ కింద పెడితే పిల్లలు తంతారు. కిటికీలో పెడితే పడుతుంది. పాస్టరుగారి ముందుండే బల్ల ఒక్కటే ఊళ్ళో ఎవరూ చెయ్యి వెయ్యని చోటు. దాని మీద ఒక మూలగా పెట్టి, స్తోత్రం చెప్పుకుని, పాటలు పాడేవాళ్ళతో వెనక నిలబడింది.

ఇక్కడ మా కోత పండగ గురించి చెప్పాలి. ఆ రోజు ఎవరికి పండింది వాళ్ళు తెస్తారు. వరి కంకుల దగ్గర్నుంచి గుమ్మడికాయలు, గెలలు, కోళ్ళు, గుడ్లు, కేకుల దాకా అన్నీ వస్తాయి. పాస్టరుగారు వాటి మీద చెయ్యి చాచి ప్రార్థన చేస్తారు. ప్రార్థన అయ్యిందంటే అది దేవుడి సొత్తు. తెచ్చినవాడు కూడా తిరిగి తీసుకోకూడదు. ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. మా దగ్గర పాట డబ్బుతో కాదు, ధాన్యం బస్తాలతో. ప్రతి ఏడూ ఈ కానుకలు నేల మీద చాపలు పరిచి పెట్టేవారు. ఈసారి చర్చికి కొత్త టైల్సు వేశారు. గుమ్మడికాయ పగిలితే మరకపడుతుందని స్త్రీల సమాజం ప్రెసిడెంటు సంపూర్ణమ్మ ముందురోజు సాయంత్రం తీర్మానం చేసింది: కానుకలన్నీ బల్ల మీదే. ఆ తీర్మానం జరిగే వేళకు వినీల పామర్రులో ఉంది.

సంపూర్ణమ్మ గుమ్మడికాయ చంకనెత్తుకుని వచ్చేసరికి బల్ల మీద పెట్టె కనిపించింది. మూత ఎత్తి చూసింది. కళ్ళు చెమ్మగిల్లాయి. "చూశారా! మనం కాయా కసరూ తెచ్చాం. ఆ పిల్ల తను నేర్చుకున్న విద్యనే తెచ్చి దేవుడి ముందు పెట్టింది," అంది పక్కవాళ్ళతో. పెట్టెను బల్ల మధ్యకు జరిపి, చుట్టూ అరటిపళ్ళు పేర్చి, మీద బంతిపూల దండ వేసింది. బల్ల కాలికి ఒక కోడిని కట్టింది.

వినీల ఇదంతా చూసింది మూడో చరణంలో. పాట మధ్యలో కదలడానికి లేదు. పాట అయ్యేసరికి పాస్టరు నతానియేలు అయ్యగారు రెండు చేతులూ చాచేశారు. "ప్రభువా, ఈ బల్ల మీదున్న సమస్తమూ..." అని ఆయన మొదలుపెట్టగానే వినీల మెల్లగా ముందుకు జరిగింది. ఆమేన్ అనగానే చెయ్యెత్తింది.

అయ్యగారి ముఖం వెలిగిపోయింది. మా చర్చిలో పడుచుపిల్లలు సాక్ష్యం చెప్పడానికి, అంటే దేవుడు చేసిన మేలు పదిమందిలో చెప్పడానికి, చెయ్యెత్తడం అరుదు. "మన వినీల సాక్ష్యం చెబుతుంది. రామ్మా, మైకు దగ్గరికి రా," అన్నారు.

వినీల మైకు పట్టుకుంది. "అయ్యగారూ, ఆ పెట్టె... ఆ పెట్టె నాది కాదండీ."

"స్తోత్రం!" అంది సంపూర్ణమ్మ పెద్దగా.

"విన్నారా?" అన్నారు అయ్యగారు, మైకు తనవైపు తిప్పుకుని. "నాది కాదంటుంది! ఏది మనది, చెప్పండి? పొలం మనదా? ప్రాణం మనదా?" దాని మీద ఆయన చిన్న ప్రసంగమే చేశారు. వినీల మళ్ళీ నోరు తెరిచేసరికి స్త్రీల సమాజం కృతజ్ఞత పాట ఎత్తుకుంది. ఎవరో ఆ పిల్లను కావలించుకున్నారు కూడా.

మగవాళ్ళ వైపు యేసుకుమార్ లేచి నిలబడ్డాడు. పెట్టె ఇంకా డాక్టరుగారిదేనని ఆయనకు తెలియదు. డాక్టరుగారు ఆ పిల్లకు ఇచ్చేశారని అనుకుంటున్నాడు. ఆ పెట్టెను బల్ల మీద పెట్టిందంటే, డాక్టరు చదువు మీద ఆశ వదులుకుని దేవుడికి అప్పగించేసిందని ఆయనకు అర్థమైంది. 

"నా బిడ్డ నా మాట విందండీ. నన్ను నొప్పించకుండా, ఇట్టా అందరి ముందూ... రేపు గన్నవరంలో ఉద్యోగంలో చేరుతుంది. అందరూ ప్రార్థన చెయ్యండి," అన్నాడు.

చర్చి అంతా తలవంచి గన్నవరం ఉద్యోగం కోసం ప్రార్థన చేసింది. ఆడవాళ్ళ వైపు నుంచి కృప మొగుడికి సైగలు మొదలుపెట్టింది. ఆ పెట్టె డాక్టరుగారిదని ఆవిడకు తెలుసు. పెట్టెను చూపించింది, పామర్రు దిక్కు చూపించింది, నుదురు కొట్టుకుంది. మధ్యలో నడవ. అటు నుంచి ఇటు పోవడానికి లేదు. భార్య ఆనందం పట్టలేకపోతోందని యేసుకుమార్ తువ్వాలుతో తనూ కళ్ళు తుడుచుకున్నాడు.

వేలం పాడించేది సంజీవరావు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి వచ్చిన గొంతు. గుమ్మడికాయ పోయింది, గెల పోయింది, కేకు పోయింది. ఆయన పెట్టె మీద చెయ్యి వెయ్యగానే వినీల పరుగెత్తింది.

"తాతయ్యా, అది డాక్టరుగారి పెట్టె. పొరపాటున పెట్టా. ఇచ్చెయ్యి తాతయ్యా."

సంజీవరావు వంగి మెల్లగా అన్నాడు. "ఎవరిదైనా ప్రార్థన అయిపోయింది తల్లీ. టిక్కెట్టు కొట్టేశాక వెనక్కి తీసుకోం గదా? కావాలంటే పాడుకో." నిటారుగా నిలబడి గొంతెత్తాడు. "బీపీ పెట్టె! పట్టీతో సహా! ఎవరి పాట?"

"ఒక బస్తా!" అంది కృప.

ఆడవాళ్ళ వైపు నుంచి పాట రావడం అదే మొదటిసారి. అందరూ వెనక్కి తిరిగారు. యేసుకుమార్ అదిరిపడి లేచాడు. "ఏమే, పిల్ల దేవుడికిచ్చింది నువ్వు లాక్కుంటావా? సంజీవరావు గారూ, ఆ పాట లెక్కలోకి తీసుకోకండి!"

"రెండు," అన్నాడు ఆమోసు.

ఆమోసు పొలం, బసవయ్య పొలం ఒకే బోదె కాలవ మీద పక్కపక్కన ఉంటాయి. నీళ్ళ వంతు దగ్గర ఏడాదంతా పోట్లాట. బసవయ్య మా చర్చి మనిషి కాడు. కానీ కోత పండగ వేలానికి మాత్రం ఏటా తెల్లచొక్కా వేసుకుని వచ్చి గుమ్మం దగ్గర నిలబడతాడు. ఆమోసు ఏది పాడితే అది పాడతాడు.

"మూడు," అన్నాడు గుమ్మంలోంచి.

"నీకెందుకు బావా ఆ పెట్టె? ట్రాక్టరుకు కడతావా?" అన్నాడు ఆమోసు వెనక్కి తిరక్కుండానే. "నాలుగు."

"నీకు మాత్రం దేనికి? నువ్వు అరిస్తే నీ బీపీ ఎంతో నా చేలో నుంచే చెప్తా. అయిదు!"

"ఆరు! ఎగువన ఉన్నానని పొగరు గదూ నీకు? ఏడు!"

"నీ పాట మీద నువ్వే పాడుతున్నావు బావా. పోనీలే, ఎనిమిది."

ఆమోసు కండువా తీసి బెంచీ మీద కొట్టాడు. మెడ మీద నరం తాడులా లేచింది. "పది బస్తాలు! పాడు చూద్దాం!"

బసవయ్య నవ్వి ఊరుకున్నాడు. పది బస్తాలు ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అయ్యాయి. బంతిపూల దండతో సహా పెట్టె ఆమోసు ఒళ్ళోకి వచ్చింది. అప్పుడు గుమ్మంలో బసవయ్య పక్కనుంచి ఒక ఆడగొంతు వినిపించింది.

"ఆ పెట్టె నాదిలా ఉందే?"

రమాసుందరిగారు. చర్చి మొత్తం నోరు మూసుకుంది. కోడి ఒక్కటే ఏదో అంది.

వినీల వెళ్ళి ఆవిడ ముందు నిలబడింది. ఈసారి మైకు లేదు, పాట లేదు, అడ్డొచ్చేవాళ్ళూ లేరు. "నాదే తప్పండీ. భద్రంగా ఉంటుందని అక్కడ పెట్టాను. అది అర్పణ బల్లని తెలీలేదు. వెంటనే అరిచి చెప్పాల్సింది, చెప్పలేకపోయాను. నేనేమీ దేవుడికి ఇవ్వలేదు, నా చదువూ వదులుకోలేదు. డాడీ, నువ్వనుకున్నది నిజం కాదు." అంతా చెప్పాక ఏడ్చింది.

యేసుకుమార్ బెంచీలో అలాగే కూలబడ్డాడు. పోయిన ప్రార్థనను వెనక్కి తెచ్చుకోవడం ఎలాగో ఆయనకు అంతుబట్టలేదు. అందరూ ఆమోసు వైపు చూశారు. ఆమోసు పెట్టెను రెండు చేతులా పట్టుకున్నాడు.

"పది బస్తాలు పాడానండీ. అయ్యగారూ, ప్రార్థన చేసింది తిరిగిచ్చేయమని ఎక్కడైనా రాసుందా?"

నతానియేలు అయ్యగారు బైబిలు తెరిచి, కాసేపు పేజీలు తిప్పి, మూసేశారు.

"వద్దులెండి, పెట్టె ఆయనదే," అన్నారు రమాసుందరిగారు. "ఏమండీ, దాన్ని వాడడం వచ్చా మీకు?"

"రాదండీ."

"మరి కొత్త వస్తువు పనిచేస్తుందో లేదో చూసుకోవద్దా? కూర్చోండి. వినీలా, ఆయన పెట్టెతో ఆయనకే చూడమ్మా."

వినీల కళ్ళు తుడుచుకుంది. ఆమోసు చొక్కా చెయ్యి పైకి మడిచి పట్టీ కట్టింది. డాక్టరుగారి స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకుని గాలి కొట్టింది, మెల్లగా వదిలింది, పాదరసం వంక చూసింది. చూసినదేమీ ముఖంలో కనపడనివ్వలేదు.

"ఎంతుందే?" అన్నాడు ఆమోసు.

"ఇప్పుడే కోపంగా పాట పాడారు గదా పెదనాన్నా. ఇది లెక్క కాదు. అయిదు నిమిషాలు వెనక్కి ఆనుకుని కూర్చోండి. మాట్లాడకండి."

"మాట్లాడితే ఏం?"

"మాట్లాడితే పెరుగుద్ది."

"ఆడు గుమ్మంలో ఉన్నా పెరుగుద్ది," అన్నాడు ఆమోసు. బసవయ్య రెండు చేతులూ ఎత్తి మెట్లు దిగి అరుగు మీద కూర్చున్నాడు. చర్చి అంతా ఆ పిల్ల చేతి గడియారం వంక చూస్తూ ఊపిరి బిగబట్టింది. అయ్యగారి ప్రసంగంలో కూడా మా చర్చి అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు.

వినీల మళ్ళీ చూసింది. రెండో చేతికీ చూసింది. లేచి వెళ్ళి డాక్టరుగారి చెవిలో అంకె చెప్పింది. "తలనొప్పి ఉందా పెదనాన్నా?" అని ఆమోసును అడిగింది.

ఆయన చెప్పడానికి ఇష్టపడలేదు. ఆయన భార్యే ఆడవాళ్ళ వైపు నుంచి లేచింది. "నెల రోజుల్నించీ ఉందమ్మా. పొద్దున్నే తల పట్టుకుంటాడు. నూర్పిళ్ళయ్యాక చూపించుకుంటానంటాడు. నిన్న మంచం దిగబోతుంటే ఎడం కాలు తిమ్మిరెక్కి తూలాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు."

రమాసుందరిగారు తనే మరోసారి పట్టీ కట్టి చూశారు. స్టెతస్కోపు మెడలో వేసుకుని చాలా మామూలుగా అన్నారు. "భయపడకండి. కానీ ఇంటికెళ్ళి భోంచేసి వెళ్దామనుకోవద్దు. ఇప్పుడే విజయవాడ వెళ్ళాలి. నేను ఫోను చేస్తాను. కారు ఎవరికుంది?"

కారు బసవయ్యకు ఉంది. అప్పటికే తలుపు తెరిచి నిలబడ్డాడు. "ఎక్కు బావా."

"నీ కారు ఎక్కితే రేపు నీళ్ళ వంతు అడుగుతావు."

"ఈ వారమంతా నువ్వే పెట్టుకో నీళ్ళు. ఎక్కవయ్యా మగడా! మాట్లాడితే పెరుగుద్దని చెప్పిందిగా పిల్ల!"

కారు గట్టెక్కి పోయింది. తలలో నరం చిట్లే రోజుకు ఎంతో దూరంలో లేడని ఆ సాయంత్రం విజయవాడలో చెప్పారట. పక్షవాతం గుమ్మం దాకా వచ్చి తిరిగి వెళ్ళిందని ఆయన భార్య ఇప్పటికీ అంటూ ఉంటుంది. అంటూ ప్రతిసారీ ఆ పిల్ల పేరు ఎత్తి స్తోత్రం చెబుతుంది.

కారు వెళ్ళాక ఎవరూ ఇళ్ళకు కదల్లేదు. యేసుకుమార్ నడవ దాటి ఆడవాళ్ళ వైపు వచ్చాడు. మా చర్చిలో అది కూడా అదే మొదటిసారి. డాక్టరుగారి ముందు చేతులు కట్టుకున్నాడు.

"అమ్మా, ఇంకొకసారి రాస్తే వస్తుందంటారా?"

"వస్తుందో రాదో నాకు తెలీదు యేసుకుమార్ గారూ. ఆ పరీక్ష అలాంటిది. ఉత్తుత్తి భరోసా ఇవ్వలేను," అన్నారావిడ. "నాకు తెలిసింది ఒక్కటే. నేను ఇంటర్న్‌షిప్పులో ఉండగా ఇలాంటి అంకె చూసి, రోగి ముందే 'అమ్మో' అన్నాను. మీ అమ్మాయి అనలేదు. అది పుస్తకంలో రాదు. నేను నేర్పిందీ కాదు."

యేసుకుమార్ అయ్యగారి దగ్గరికి వెళ్ళి మైకు అడిగాడు. మైకులో ఊదాడు.

"ఇందాక నేను చెప్పిన సాక్ష్యం తప్పండీ. అది నా కూతురిది కాదు, నాది. నాకేది కావాలో అదే విన్నాను. రేపు గన్నవరం వెళ్ళట్లేదు. మా తమ్ముడికి నేను చెప్పుకుంటా. ఇందాక చేసిన ప్రార్థన... అది..." ఆగి అయ్యగారి వంక చూశాడు.

"దాన్ని నేను సర్దుతాను," అన్నారు అయ్యగారు. మళ్ళీ అందరి చేతా తలలు వంచించారు. ఈసారి ప్రార్థనలో ఆయన నీట్ అన్న మాట రెండుసార్లు పలికారు. అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది సంపూర్ణమ్మ.

ఆ మధ్యాహ్నం వరండాలో కుర్చీ వేశారు. ఊరంతా వరసలో నిలబడింది. యేసుకుమార్ స్వయంగా వరస సరిచేస్తూ, "మాట్లాడకండి, మాట్లాడితే పెరుగుద్ది," అని ఒక్కొక్కరికీ చెప్పాడు. నా బీపీ కూడా ఆ రోజే మొదటిసారి చూశారు.

వారం తరవాత ఆమోసు పెట్టె పట్టుకుని పామర్రు వెళ్ళి డాక్టరుగారికి తిరిగివ్వబోయాడు. "ప్రార్థన అయిపోయిందటగా," అని ఆవిడ తీసుకోలేదు. అందుకని ఆమోసు దాన్ని తెచ్చి చర్చిలోనే ఉంచేశాడు. వినీల ఆ నెలంతా తన పుస్తకాల మధ్యలో తీరిక చేసుకుని సంపూర్ణమ్మకు దాన్ని వాడడం నేర్పింది. ఎవరి మాటా విననిదని ఊళ్ళో పేరున్న సంపూర్ణమ్మ, ఇప్పుడు చెవుల్లో గొట్టాలు పెట్టుకుని కళ్ళు మూసుకుని ఎంత శ్రద్ధగా వింటుందో మీరు వచ్చి చూడాలి.

వినీల ఆ మేలో పరీక్ష రాసింది. సీటు ఆఖరి విడతలో, మా ఊరికి చాలా దూరంలో వచ్చింది. తండ్రి బట్టల పెట్టె మోసుకుని దిగబెట్టి వచ్చాడు. సెలవులకు వచ్చినప్పుడల్లా ఆ పిల్ల ముందు ఆమోసు ఇంటికి వెళ్ళి చెయ్యి పట్టుకుని చూస్తుంది, ఆ తరవాతే సొంత ఇంటికి వెళ్తుంది. దేవుడు ఆ పిల్లను చల్లగా చూడాలి. నాకు అక్షరం ఇచ్చింది, ఆమోసుకు ఆయుష్షు ఇచ్చింది, యేసుకుమార్‌కు చెవులు ఇచ్చింది.

విజయవాడ డాక్టర్లు ఆమోసును ఉప్పు, ఊరగాయ, వేలంపాట మూడూ మానెయ్యమన్నారు. ఉప్పు మానేశాడు.

— సువార్తమ్మ, అరవై ఎనిమిదేళ్ళు, ప్రస్తుతం పామర్రులో చిన్నకూతురి ఇంట్లో ఉంటున్నాను.